గుత్తికొండ బిలంలోకి వెళ్లిన పుస్తకాలు

పల్నాటి వీరుల కారెంపూడి పోరు ముగిశాక వాళ్ల నాయకుడు బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని పల్నాట చెబుతారు. పోయాడని అనరు, లోపలికి వెళ్లాడంటారు. తొలి ఏకాదశికి ఆ కొండకి జనం ఇప్పటికీ వెళ్తారు. చీకట్లో తడుముకుంటూ దిగి, నీళ్లు తలమీద చల్లుకుని, పైకొచ్చి ఎండలో కళ్లు చికిలిస్తారు. వెళ్లినాయన ఇంకా అక్కడే ఉన్నాడా అంటే ఉన్నాడనే అంటారు. మరి కనబడడేం అని అడిగామా, అడిగినవాణ్ణి ఎగాదిగా చూస్తారు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరు వినబడ్డప్పుడల్లా నాకు ఆ బిలమే గుర్తొస్తుంది. ఐదు లక్షలకు పైగా పుస్తకాలున్న వెబ్‌సైటు అది. తెలుగువే ఇరవై వేలకు పైన ఉండేవి. 2003లో పుట్టింది, 2017 నాటికి తలుపు వేసుకుంది. ఆ పోరు కథ చెప్పే పల్నాటి వీరచరిత్ర కూడా అందులో ఉండేది. అంటే ఒక పతనం కథ ఇంకో పతనం కడుపులో ఉందన్నమాట. మొదటి కథ పాడటానికి కత్తి చేతబట్టి, పంబ మోగించి నిలబడే మనుషులున్నారు. రెండో కథకి ఎవరూ లేరు. అందుకని నేనే ఎత్తుకుంటున్నాను. శ్రుతి తప్పితే మీరే సర్దుకోవాలి.

మొదలు మాత్రం గొప్పగానే జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. కృత్రిమ మేధ మీద చేసిన పనికి 1994లో ట్యూరింగ్ బహుమతి పంచుకున్నాడు. ఆయనకి ఒక కోరిక ఉండేది. మనుషులు రాసిన పుస్తకాలన్నీ నెట్‌లో పెట్టాలి, ఎవడైనా ఎక్కడినుంచైనా డబ్బు కట్టకుండా చదువుకోవాలి. ముందుగా పది లక్షల పుస్తకాలతో మొదలుపెడదామన్నాడు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ స్కానర్లకి డబ్బిచ్చింది. చైనా, ఇండియా గదులిచ్చాయి, మనుషుల్నిచ్చాయి, పుస్తకాలిచ్చాయి. ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ ఎన్. బాలకృష్ణన్ ముందుండి నడిపారు. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ చేతులు కలిపింది. తిరుపతిలో దేవస్థానం ఒక స్కానింగ్ కేంద్రం పెట్టింది. 2003 సెప్టెంబరు 8న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఆ సైటుని దేశానికిచ్చారు.

పల్లెటూరి పిల్లాడు పెద్దవాడై, అన్ని ఊళ్లకీ గ్రంథాలయం పంపాలనుకోవడం కన్నా మంచి కోరిక ఏముంటుంది? ఆ కోరికని నేను తప్పుబట్టను. ఒక్కటే అంటాను, కోరిక అంకె రూపంలో వచ్చింది. పది లక్షలు. అంకె ఒకసారి ముందుకొచ్చి నిలబడితే మిగతావన్నీ దాని వెనక వరసలో నిలబడాల్సిందే. ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు, ఎన్ని పేజీలు, ఏ భాషలో ఎన్ని అన్నవే లెక్కలు. ఎంతమంది వెతికారు, అందులో ఎంతమందికి దొరికింది, దొరక్క ఎంతమంది లేచిపోయారు అన్న పట్టిక మాత్రం ఆ లెక్కల్లో నాకెక్కడా కనబడలేదు.

స్కానింగ్ గది ఎలా నడిచేదో చెబితే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. పుస్తకాన్ని బోర్లా వేసి గాజు మీద అదిమితే పాత కాగితం విరుగుతుంది. అందుకని పుస్తకం వెల్లకిలా తెరిచి పెడతారు, పైనుంచి కెమెరా చూస్తుంది. పక్కన ఒక మనిషి కూర్చుని పేజీ తిప్పాలి, లేచిన అంచుని వేలితో అదిమి పట్టాలి, మీట నొక్కాలి. మళ్లీ తిప్పాలి. రోజంతా అదే పని. ప్రతి పేజీ తెలుపూ నలుపుల్లో, మంచి వివరంతో, ఒక్కో టిఫ్ ఫైలుగా మారుతుంది. మూడొందల పేజీల పుస్తకమంటే మూడొందల ఫైళ్లు. చాలా పుస్తకాల్లో ఒక మూలన ఎవరివో వేళ్ల కొసలు కూడా పడ్డాయి. కొన్నిట్లో పేజీ ఒరిగింది, కొన్నిట్లో రెండు పేజీలు ఒకేసారి తిరిగి మధ్యలో కథ తెగింది.

ఆ తర్వాత పుస్తకానికి పేరు రాయాలి. తెలుగు పుస్తకాల తలరాత ఇక్కడే తేలిపోయింది. పేరు తెలుగులో రాయలేదు. ఆ రోజుల్లో తెలుగు యూనికోడ్ ఉన్నా మామూలు కంప్యూటర్లలో సరిగా కుదురుకోలేదు, కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. అది కూడా మనం కొట్టుకునే తీరులో కాదు. దీర్ఘానికి అచ్చు రెండుసార్లు, 'ట'కి టీ పక్కన ఒంటి కొమ్ము (అపాస్ట్రఫీ), సున్నాకి ఎన్ పక్కన ఒంటి కొమ్ము. ఈ పద్ధతి నేర్చినవాడు ఒకలా కొట్టాడు, నేర్వనివాడు తోచినట్టు కొట్టాడు. ఒకే పుస్తకం రెండు ప్రతులుంటే రెండూ రెండు పేర్లతో ఎక్కాయి. రచయిత పేరులో ఇంటిపేరు ముందో వెనకో, పొడి అక్షరాలో పూర్తి పేరో, దానికో కట్టుబాటు లేదు. ఇక పుస్తకానికి అసలు గుర్తు 13 అంకెల బార్‌కోడ్.

ఇప్పుడు 2006 ప్రాంతాల్లో గురజాల నుంచి ఒక బడిపంతులు ఏదో పనిమీద నరసరావుపేట వచ్చి, బస్సుకి గంటన్నర టైముంటే ఒక నెట్ సెంటర్లో కూర్చున్నాడనుకుందాం. ఇది నా ఊహే. కానీ ఇలాంటివాళ్లు ఎందరో ఉండి ఉంటారని నా నమ్మకం. ఆయనకి కావలసింది పల్నాటి వీరచరిత్ర. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చు వేయించాడు. (ఈ పల్నాటి ఉమాకాంతమే 1928లో 'నేటికాలపు కవిత్వం' రాసి భావకవుల్ని దులిపేసినాయన. పల్నాటి రక్తం ఊరికే పోతుందా!) పంతులుగారు పాఠంలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి ఘట్టం చెప్పాలి. పుస్తకం దుకాణాల్లో లేదు. నెట్‌లో ఉందని ఎవరో చెప్పారు.

వెతికే గడిలో మనందరం కొట్టినట్టే ఆయనా పల్నాడు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. ఏమీ రాదు. ఆఖర్న యూ తీసేసి కొడతాడు. ఇంకో పుస్తకం వస్తుంది. ఒంటి కొమ్ము పెట్టాలని ఆయనకి ఎవరు చెబుతారు? ఎలాగో పేరు పట్టుకున్నాడే అనుకోండి, పేజీ తెరుచుకోదు. ఆ రకం బొమ్మలు చూపించే వ్యూయర్ ఒకటి కంప్యూటర్లో ఎక్కించాలి. నెట్ సెంటర్ కుర్రాడు అలాంటివి ఎక్కించనివ్వడు, వైరస్ వస్తుందంటాడు. వాణ్ణి బతిమాలి ఎక్కిస్తే మొదటి పేజీ కనబడుతుంది. పై నుంచి కిందికి, వాన చినుకు జారినంత నెమ్మదిగా. రెండో పేజీకి మళ్లీ నొక్కాలి. బాలచంద్రుడు ఎన్నో పేజీలో ఉన్నాడో చెప్పే దారి లేదు. తెలుగు అక్షరాన్ని చదివే ఓసీఆర్ లేదు కాబట్టి లోపలి మాటల్ని వెతికే వీలే లేదు. మాచర్ల బస్సు హారన్ కొడుతుంది. పంతులుగారు డబ్బిచ్చి లేస్తారు.

ఈ చిక్కుల మీద ఇంకో చిక్కు. పల్నాడు గురించి పాత పుస్తకం కావాలంటే పల్నాడు అని వెతక్కూడదు. పల్నాడు చాలాకాలం ఉన్న గుంటూరు జిల్లా 1904లో పుట్టింది. అంతకుముందు ఈ నేలంతా కృష్ణా జిల్లా కింద ఉండేది. 1883లో గార్డన్ మెకంజీ ఈ ప్రాంతం సంగతులన్నీ పోగేసి రాసిన మాన్యువల్‌కి అట్టమీద కిస్నా జిల్లా అనే ఉంటుంది. ఒక లైబ్రేరియన్ బల్ల దగ్గర కూర్చుని ఉంటే, "పల్నాడా? కృష్ణా కింద చూడండి పంతులుగారూ" అని చెప్పి ఉండేవాడు. ఆ ఒక్క మాట చెప్పే మనిషి ఐదు లక్షల పుస్తకాల మధ్య ఎక్కడా లేడు.

కారెంపూడిలో అలా జరగదు. కార్తీక అమావాస్యకి నాగులేటి గట్టున వీర్లగుడి దగ్గర ఐదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఏ రోజు ఏ కథో పేరులోనే ఉంది. రెండో రోజు వచ్చినవాడికి బ్రహ్మనాయుడి పక్షాన అలరాజు రాయబారం వెళ్లి, చర్లగుడిపాడులో విషానికి బలైన ఘట్టం వినబడుతుంది. మందపోరు నాడు వచ్చినవాడికి చాపకూడు దొరుకుతుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడన్న గుర్తుకి అందరూ కలిసి తింటారు. కోడిపోరు నాడు బ్రహ్మనాయుడి ప్రత్యర్థి నాగమ్మ కోడికీ ఆయన కోడి చిట్టిమల్లుకీ పందెం, ఓడినవాళ్లకి ఏడేళ్ల వనవాసం. ఈ కథలు పాడే వీరవిద్యావంతులు ఎక్కువమంది దళితులు. వాళ్ల దగ్గర పుస్తకం లేదు, బార్‌కోడ్ లేదు. ఎదురుగా కూర్చున్నవాడి మొహం ఉంది. ఆ మొహం చూసి ఒక చరణం ఎక్కువ పాడతారు, ఒకటి దాటేస్తారు. నిద్రకి జోగుతుంటే పంబ గట్టిగా మోగుతుంది.

వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలోనే ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల కథ పాడుతున్న చోటు ఉంది. అంటే ఆరువందల ఏళ్ల కిందటే ఈ కథ కృష్ణ దాటి తిరుగుతోంది. 1970లలో జీన్ రోగేర్ అనే అమెరికన్ వచ్చి అలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథని రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం వేశాడు. తాటాకు చిరిగినా, అచ్చు ప్రతులు అయిపోయినా, కథ మాత్రం గొంతులో నిలబడింది. పాడేవాడికి వినేవాడు కావాలి, వినేవాడికి పాడేవాడు కావాలి. ఒకణ్ణొకడు కనిపెట్టుకుని ఉన్నారు, అంతే సంగతి.

ఈ మాటకి పాతకాలపు గుంటూరు జిల్లాలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవ మీద పుస్తకాల పడవ నడిచింది. పాతూరి నాగభూషణం చేసిన పని. పొలం పనుల్లో ఉన్న రైతు గ్రంథాలయానికి రాలేడని తెలిసి, గ్రంథాలయాన్నే రైతు గట్టుకి పంపాడు. పడవ ఆగుతుంది, పుస్తకం మారుతుంది, పడవ పోతుంది. అంతకు నాలుగేళ్ల ముందు 1931లో మద్రాసులో రంగనాథన్ గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు రాశాడు. పాఠకుడి సమయం కాపాడమన్నది అందులో నాలుగోది. కాలవ గట్టున నిలబడ్డ రైతు ఆ సూత్రం చదవలేదు, పడవ నడిపినవాడూ చదివి ఉండకపోవచ్చు. అయినా పాటించారు. ఆ పడవ పల్నాడు రాలేదు, రావడానికి మాకు కాలవే లేదు. నాగార్జునసాగర్ కుడికాలవకి నీళ్లు వదిలింది 1967లో. అప్పటికి పడవ రోజులు వెళ్లిపోయాయి. నీళ్లు వచ్చేసరికి పడవ లేదు, పడవ ఉన్నప్పుడు నీళ్లు లేవు. మా రాత అలాగే ఉంటుంది.

మళ్లీ సైటు దగ్గరికి వద్దాం. పంతులుగారు లేచిపోయినా, అందరూ లేచిపోలేదు. మొండివాళ్లు కొందరు మిగిలారు. తెలుగు పుస్తకం కోసం ఏమైనా చేసే రకం. వాళ్లు ఒంటి కొమ్ముల రహస్యం కనిపెట్టారు. ఒకే పేరుని ఎనిమిది రకాలుగా కొట్టి చూడటం అలవాటు చేసుకున్నారు. మంచి పుస్తకం దొరికితే 13 అంకెల బార్‌కోడ్ రాసుకుని స్నేహితుడికి ఇచ్చేవాళ్లు, పూర్వం మందాకుల పేరు రహస్యంగా చెప్పుకున్నట్టు. ఒక్కో పేజీ నొక్కే బాధ పడలేక, మొత్తం పుస్తకాన్ని రాత్రంతా దింపుకునే చిన్న ప్రోగ్రాములు పాఠకులే రాసుకున్నారు, ఊరికే పంచారు. మూడొందల టిఫ్‌లు ఒక పీడీఎఫ్‌గా కుట్టే పనీ వాళ్లే చేశారు. 2014లో తెలుగు వికీపీడియా వాళ్లు వికీమీడియా ఫౌండేషన్ గ్రాంటుతో ఇంకా పెద్ద పనికి దిగారు. సైటులోని తెలుగు పుస్తకాల పేర్లని ఒక్కొక్కటీ తెరిచి చూసి, తెలుగు లిపిలో జాబితా కట్టి, పక్కన లంకె పెట్టడం. వేల పుస్తకాల మాట.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలనిపిస్తుంది నాకు. సైటుకి ఏం కావాలో ఎవరో కమిటీ వేసి అడగనక్కర్లేదు. పాఠకులు తమ చేతుల్తోనే చేసి చూపించారు. తెలుగులో పేరు, మొత్తం పుస్తకం ఒకేసారి, చెదరని చిరునామా. మూడే మూడు కోరికలు. సైటులో ఉన్నదేమిటో, లేనిదేమిటో ఈ మూడిటి పక్కన పెట్టి చూస్తే చాలు. సైటు నడిపేవాళ్ల గుమ్మం ముందే ఆ పటం ఉంది. వాళ్లకి కనబడిందో లేదో నేను చెప్పలేను, వాళ్లకీ వాళ్ల ఇబ్బందులుండే ఉంటాయి. ఐదారు సంస్థలు, పదుల కేంద్రాలు, సర్వర్లు ఒక ఊళ్లో ఒకటి. ఏ సర్వర్ ఎప్పుడు పడిపోతుందో, ఏ పుస్తకం ఏ సర్వర్లో ఉందో తెలియని రోజులు.

చివరికి కొత్త రూపు వచ్చింది. పుస్తకాలన్నీ ఒక కొత్త వేదిక మీదికి మార్చారు. ఇక మొత్తం పుస్తకం ఒకే ఫైలుగా దిగుతుంది. వ్యూయర్ బాధ తీరింది. ప్రతి పుస్తకానికీ ఒక కొత్త గుర్తింపు ఇచ్చారు. మొదట 2015 అని, చుక్కో గీతో, తర్వాత ఒక అంకె. పాఠకుల మూడు కోరికల్లో ఒకటి తీరింది. పేర్లు మాత్రం ఆ ఒంటి కొమ్ములతోనే వచ్చాయి. ఇల్లు మారింది, గుమ్మం మీది పలకలు పాతవే బిగించారు. అయినా సరే, సంతోషం. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన వాన, ఆలస్యమైందని ఎవరూ తిట్టరు. ఇంకో రెండేళ్లుంటే పేర్లూ మారేవేమో, తెలుగు జాబితా లోపలికి ఎక్కేదేమో.

ఆ రెండేళ్లు దొరకలేదు.

కాపీరైట్ మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్లు ఉంటుంది. గ్రంథాలయానికి వెళ్లి బీరువా బీరువా స్కాన్ చేసుకుంటూ పోతే అందులో 1911 నాటి ఉమాకాంతం ఉంటాడు, నిన్నమొన్నటి రచయితా ఉంటాడు. బతికున్నవాళ్ల పుస్తకాలూ ఎక్కాయి. వాళ్లు రాసుకున్నదాన్ని అడగకుండా పెట్టడం న్యాయం కాదు, అది ఒప్పుకోవాలి. అభ్యంతరాలు వచ్చాయి. అప్పుడు చేయాల్సిన పని ఏమిటి? గడువు తీరినవి ఒక పక్క, తీరనివి ఒక పక్క పెట్టి, రెండో కుప్పని లోపల పెట్టేయడం. అలా విడదీయాలంటే ఎవరు రాశారు, ఎప్పుడు అచ్చయింది, రచయిత ఎప్పుడు పోయాడు అన్నవి తెలియాలి. ఆ గడుల్లో ఉన్నదేమిటి? తప్పు కొట్టిన ఇంటిపేర్లు, ఖాళీ సంవత్సరాలు, ఒకరి పుస్తకం మీద ఇంకొకరి పేరు. పల్నాడు అని కొట్టి ఏమీ దొరక్క లేచిపోయిన పంతులుగారిని ఏ నిర్లక్ష్యం దెబ్బ కొట్టిందో, చివర్లో సైటునీ అదే కొట్టిందని నా లెక్క. ఏది విడవాలో ఏది మూయాలో తెలియనప్పుడు మిగిలే దారి మొత్తం మూయడమే. ఒకరోజు తెరిచినవాళ్లకి కాపీరైట్ ఉల్లంఘన సమస్యల వల్ల సైటు అందుబాటులో లేదన్న నోటీసు కనబడింది. ఒకటి రెండు వాక్యాలు. వీడ్కోలు లేదు, కొత్త చిరునామా లేదు. వికీపీడియా వాళ్లు వేల గంటలు కూర్చుని పెట్టిన లంకెలు ఒకటొకటిగా గోడకి తగిలాయి. జాబితా మాత్రం ఉంది. ఊరు మునిగాక మిగిలిన ఊరి పటంలా.

అయితే మునగకముందే ఒకడు పడవ వేసుకొచ్చి ఉన్నాడు. కార్ల్ మలమూద్ అనే అమెరికన్. ప్రజల డబ్బుతో తయారైన పత్రాలు ప్రజలకి ఊరికే దొరకాలని పోరాడే మనిషి, పబ్లిక్ రిసోర్స్ అనే చిన్న లాభాపేక్ష లేని సంస్థ నడుపుతాడు. సైటు బతికుండగానే పుస్తకాలు దింపుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాడు. నాలుగు లక్షలకు పైగా. మన అధికారులు ఆయన్నీ తీసేయమన్నారు. ఏ పుస్తకంతో ఇబ్బందో చెప్పండి, దాన్ని తీస్తాను గానీ మొత్తం తీయనన్నది ఆయన వైఖరి. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి ఇరవై వేల తెలుగు పుస్తకాల్ని గట్టెక్కించాడు. ఇందులో నాకు ఆనందమూ ఉంది, చిన్నతనమూ ఉంది. ఎవరి వీరుల కథని ఎవరు మోశారు!

2018 జూన్ 19న నేషనల్ డిజిటల్ లైబ్రరీ అని ఖరగ్‌పూర్ ఐఐటీ కట్టిన వేరే ఇల్లు దేశానికి అంకితమైంది. అది వేరే కథ, మంచి కథే. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. పాతది పోయిందన్న సంగతే తెలియని వాళ్లు ఉన్నారు.

ఆర్కైవ్‌లో ఇప్పుడు వెతకడం కొంచెం నయం. చాలాకాలం తెలుగు పుస్తకాల పక్కన ఈ భాషని యంత్రం చదవలేదన్న ఒక మాట ఉండేది. 2020 తర్వాత తెలుగు చదివే ఓసీఆర్ అక్కడికీ వచ్చింది. కొన్ని పుస్తకాల్లో లోపలి మాట కూడా దొరుకుతోంది. పాత స్కాన్ల మీద మాత్రం అది తడబడుతుంది. మసిబారిన ఒత్తులు, ఒరిగిన పేజీలు. 'వీరుడు' అన్నది 'ఏరుడు' అని చదివినా ఆశ్చర్యపోకూడదు. పల్నాడు 2022 ఏప్రిల్ 4న సొంత జిల్లా అయింది, నరసరావుపేట ముఖ్యపట్టణం. ఇప్పుడు గురజాల పంతులు నెట్ సెంటర్‌కి రానక్కర్లేదు, జేబులో ఫోనుంది. ఒంటి కొమ్ము పెట్టాలని మాత్రం ఇప్పటికీ ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మొన్న కార్తీకంలో కారెంపూడి వెళ్లొచ్చాక ఆర్కైవ్‌లో ఆ పుస్తకం తెరిచాను. పాత పద్ధతులన్నీ గుర్తున్నాయి కాబట్టి దొరికింది. పేరు కింద ఇంగ్లీషులో ఒక వరస ఉంటుంది, ఈ కుప్పలోని ప్రతి పుస్తకం కిందా ఉండేదే. పుస్తకం వచ్చిన చోటు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, అంశం 2015, పక్కన ఆ పుస్తకం అంకె. చివరి రోజుల్లో వచ్చిన కొత్త రూపు ఇచ్చిన గుర్తింపు అది. ఇల్లు లేదు, ఇంటి నెంబరుంది.

పేజీలు తిప్పుతూ పోయాను. ఒక పేజీ కింద మూలన, ద్విపద ఆగిన చోట, అంచుని అదిమి పట్టుకున్న ఒక బొటనవేలు కనబడింది. గోరు కొంచెం విరిగి ఉంది. ఒకప్పుడు ఇలాంటి వేలు కనబడితే విసుగొచ్చేది. ఎవరిదో ఆ వేలు, ఏ గదిలోనో తెలియదు. పేజీ లేవకుండా గట్టిగా పట్టుకునే ఉంది.